తీగ ముక్కలోని జీవుడు

ఆకుల రంగు కోసమే పెంచే పాకుడు తీగలు పువ్వుతోనూ కాయతోనూ గింజతోనూ పని లేకుండా, కోసిన ముక్క నుంచి మరో ముక్కగా, ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వ్యాపిస్తాయి. ఈ వ్యాప్తిలో భారతీయ దర్శనాలను చాలాకాలం తికమకపెట్టిన ఒక ప్రశ్న ఉంది. తల్లితీగ నుంచి వేరుచేసిన జానెడు ముక్క నీళ్ళలో వేళ్ళు వేసినప్పుడు, ఆ ముక్కలో బ్రతుకుతున్నది తల్లితీగలోని జీవుడేనా, కొత్తగా వచ్చి చేరిన మరొక జీవుడా, లేక జీవుడనే భావనే మొక్కల విషయంలో పొసగనిదా అన్నదే ఆ ప్రశ్న.

కోలారు జిల్లాలోని రాబర్ట్‌సన్‌పేట ఈ విచారణకు తగిన ప్రదేశం. మైసూరు సంస్థానంలో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న రాబర్ట్‌సన్ పేరు మీద, బంగారు గనుల పక్కన, ముందుగానే వీధులు గీసుకుని కట్టిన ఈ పట్టణంలో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ కలిసి వినిపిస్తాయి. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుంచి గనుల పనికి తరలివచ్చిన కుటుంబాలు తమ మాటతో పాటు తమ దేవుళ్ళనూ తమ ఆచారాలనూ వెంట తెచ్చుకున్నాయి. ఇక్కడి నుంచి ఒక పూట ప్రయాణంలో ములబాగిలు ఉంది; వ్యాసతీర్థులకు విద్య నేర్పిన 15వ శతాబ్దపు మాధ్వ యతి శ్రీపాదరాజుల బృందావనం ఆ ఊరి దగ్గరి నరసింహతీర్థంలో ఉంది. సీతమ్మ కుశలవులను కన్న వాల్మీకి ఆశ్రమం ఇదేనని స్థానికులు నమ్మే ఆవనిలో శృంగేరి సంప్రదాయపు అద్వైత మఠం ఉంది. గనుల ప్రాంతంలోనే ఉన్న మారికుప్పంలో, పండిత అయోతీదాస్ బోధల స్ఫూర్తితో 20వ శతాబ్దపు తొలి దశకంలో బౌద్ధ సంఘం ఏర్పడింది. ఆయన 1914లో మరణించాక, ఆయన నడిపిన 'తమిళన్' పత్రిక 1920లలో ఈ గనుల పట్టణం నుంచే మళ్ళీ వెలువడింది. జీవులు అనేకమనే ద్వైతమూ, చైతన్యం ఒక్కటేననే అద్వైతమూ, నిత్యమైన ఆత్మ అనేదే లేదనే బౌద్ధమూ ఇంత దగ్గరదగ్గరగా కాపురమున్న నేల మీద తీగ ముక్క గురించిన ప్రశ్న పుస్తకాలకే పరిమితం కాదు.

ముందు ఆ మొక్కల స్వభావం తెలియాలి. ఆకుల రంగు కోసం పెంచే తీగల్లో రెండు ఈ విచారణకు ముఖ్యమైనవి. మొదటిది మనీ ప్లాంట్. పసిఫిక్ మహాసముద్రంలోని మోరియా ద్వీపం దాని పుట్టిల్లు. రెండవది కోలారు, రాయలసీమ పల్లెల్లో గెణుసుగడ్డ అనీ, కోస్తాలో చిలగడదుంప అనీ, తెలంగాణలో కందగడ్డ అనీ పిలిచే దుంపతీగలో అలంకారం కోసం ఎంచి పెంచిన రకాలు. శివరాత్రి ఉపవాసం ఉన్నవారు ఉడకబెట్టి తినే గెణుసుగడ్డా ఇవీ ఒకే జాతి. అయితే వీటి దుంపను రుచి కోసం ఎవరూ చూడరు, నల్లబారిన ఊదా రంగు, నిమ్మకాయ రంగు, తెలుపూ గులాబీ పచ్చా కలిసిన రంగు ఉన్న ఆకులే వీటి విలువ. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ ఇటువంటి రకాలను ప్రత్యేకంగా రూపొందించింది. మంచు గడ్డకట్టే దేశాల్లో ఇవి ఒక్క వేసవికే పరిమితం. 800 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్నా అంతటి చలి ఎరగని కోలారు పీఠభూమిలో మాత్రం నీరందితే ఏడాది పొడుగునా కుండీ అంచు మీదుగా జారుతూ పెరగగలవు.

రెండింటినీ పెంచే తీరు ఒకటే. మూడు నాలుగు కణుపులున్న ముక్కను కోసి, కింది ఆకులు తీసివేసి, కనీసం ఒక కణుపు మునిగేలా నీళ్ళలోనో తడిమట్టిలోనో ఉంచితే కొద్ది రోజుల్లో అక్కడ తెల్లని వేళ్ళు పుడతాయి. కణుపు అంటే ఆకు కాండాన్ని అంటుకునే చోటు. ఆ ఆకు మూలలో కొత్త కొమ్మ కాగల మొగ్గ నిద్రాణంగా ఉంటుంది, ఆ పక్కనే వేరుగా మారగల కణాలూ ఉంటాయి. కణుపు లేకుండా ఒట్టి ఆకును నీళ్ళలో పెడితే అది కొంతకాలం పచ్చగా నిలవవచ్చు గాని తీగను ఇవ్వదు. మనీ ప్లాంట్ సంగతి ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. పూతకు అవసరమైన జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారీలో దానికి జన్యుపరమైన లోపం ఉందని 2016లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. ఆ లోపం వల్ల అది తనంతట తాను పూయదు, కాబట్టి గింజ కట్టదు. దేశదేశాల ఇళ్ళలో వేలాడే పసుపు మచ్చల మనీ ప్లాంట్ తీగలు గింజ నుంచి గాక కోసిన ముక్కల నుంచి వచ్చిన సంతతి.

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు తన కుమారుడు శ్వేతకేతువుకు ఒక మహావృక్షాన్ని ఉదాహరణగా చూపుతాడు. మొదట్లో కొట్టినా, నడుమ కొట్టినా, కొసన కొట్టినా చెట్టు బ్రతికే ఉండి రసం స్రవిస్తుందనీ, జీవుడు ఒక కొమ్మను విడిస్తే ఆ కొమ్మ, మొత్తాన్ని విడిస్తే మొత్తం చెట్టు ఎండిపోతాయనీ, జీవుడు విడిచిన శరీరం చస్తుంది గాని జీవుడు చావడనీ ఆ బోధ సారాంశం. శంకరాచార్యులు దీనికి భాష్యం రాస్తూ, స్థావరాలకు, అంటే ఉన్నచోటు నుంచి కదలని చెట్టుచేమలకు, చైతన్యం లేదన్న బౌద్ధుల మతమూ, కణాదుని వైశేషిక దర్శనాన్ని అనుసరించేవారి మతమూ ఈ శ్రుతివాక్యం ముందు నిలవవని చెప్పారు.

అయితే ఉద్దాలకుడు చూపినది ఎండే కొమ్మ. తీగ ముక్క ఎండదు. జీవుడు విడిచినందువల్లే కొమ్మ ఎండుతుందంటే, కోసినా ఎండని ముక్కను జీవుడు విడవలేదని ఒప్పుకోవాలి. దర్శనాలు దీన్ని అర్థాపత్తి అంటాయి. కళ్ళెదుట ఉన్న విషయం మరో విధంగా పొసగనప్పుడు ఊహించక తప్పని కారణాన్ని ఊహించడం దాని అర్థం. కాని ముక్కను కోల్పోయిన తల్లితీగా ఎండలేదు. అటువంటప్పుడు ఒకే జీవుడు ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ మిగలని రెండు శరీరాలను ఏకకాలంలో నిలుపుతున్నాడని చెప్పాలి, లేదా రెండవ జీవుడు ఎక్కడి నుంచో వచ్చాడని చెప్పాలి. ఉపనిషత్తు ఈ రెండింటిలో ఏదీ చెప్పదు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మనిషిని చెట్టుతో పోల్చి, నరికిన చెట్టు వేరు నుంచి మళ్ళీ మొలుస్తుంది గాని మృత్యువు నరికిన మనిషి ఏ వేరు నుంచి మొలుస్తాడని సభలోని పండితులను నిలదీస్తాడు. వేరుతో సహా పెకలించిన చెట్టు మళ్ళీ పుట్టదని కూడా అక్కడే చెబుతాడు. వేరూ లేక గింజా లేక ఒట్టి కాండం నుంచి మొలిచే తీగ అతని వాదంలోకి రాలేదు. ఆ సభలో ఎవరైనా దాన్ని ఎత్తి చూపి ఉంటే వాదం ఏ దారి పట్టేదో ఆలోచించదగినదే.

మహాభారతం శాంతిపర్వంలోని మోక్షధర్మ భాగంలో భృగువుకూ భరద్వాజుడికీ నడిచిన సంవాదం ఈ విషయంలో అన్నిటికన్నా విలువైనది. శరీరాలన్నీ పంచభూతాలతో ఏర్పడినవైతే, చూడని, వినని, వాసన ఎరగని చెట్లలో ఆ ఐదూ ఎక్కడున్నాయని భరద్వాజుడు అడుగుతాడు. భృగువు ఒక్కొక్క ఇంద్రియానికీ ఒక్కొక్క రుజువు చూపుతాడు. వేడికి ఆకు వాడుతుంది కాబట్టి స్పర్శ ఉంది. పిడుగు మోతకు పూలూ పండ్లూ రాలుతాయి కాబట్టి వినికిడి ఉంది. ధూపాల వల్ల రోగం పోయి మళ్ళీ పూస్తాయి కాబట్టి వాసన తెలుసు. పాదాలతో నీరు తాగుతాయి కాబట్టి రుచి తెలుసు. చూపుకు మాత్రం ఆయన ఎంచుకున్న సాక్ష్యం తీగ. తీగ చెట్టును చుట్టుకుంటుంది, అన్ని వైపులకూ సాగిపోతుంది, చూపు లేనిదానికి దారి దొరకదు, కాబట్టి మొక్కలు చూస్తాయని ఆయన తర్కం. తీగల కదలికల గురించి 1875లో ప్రత్యేకంగా పుస్తకం వెలువరించిన డార్విన్, తీగ కొస వృత్తాలుగా తిరుగుతూ ఆధారాన్ని వెతికే తీరును ఓపికగా కొలిచి నమోదు చేశాడు. భృగువు చూపు అన్న క్రియను డార్విన్ కదలికగానూ స్పర్శగానూ వివరించాడు గాని, తీగ దారి వెతుకుతుందన్న పరిశీలన ఇద్దరిదీ ఒకటే.

ఈ సంవాదం చివర భృగువు చెప్పే రెండు కారణాలు మరింత ముఖ్యమైనవి. సుఖదుఃఖాలను గ్రహించడం వల్లా, తెగినది మళ్ళీ మొలవడం వల్లా చెట్లలో జీవం ఉందనీ, వాటికి చైతన్యం లేదనడం సరికాదనీ ఆయన ముగిస్తాడు. ఉద్దాలకుడికి కొమ్మ ఎండడం జీవుడు వెళ్ళిపోయాడనడానికి గుర్తు. భృగువుకు తెగినది చిగురించడం జీవం ఉందనడానికి గుర్తు. కుండీలో నాటిన తీగ ముక్క ఈ రెండవ రుజువుకు నిత్యం కనిపించే ఉదాహరణ. భృగువు జీవం ఉందన్నాడే తప్ప ఎందరు జీవులని లెక్క చెప్పలేదు. ఆ సంయమనం తరువాతి దార్శనికుల్లో చాలామందికి లేకపోయింది.

లెక్క అడిగినవారికి చిక్కు తప్పలేదు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన 'తర్కసంగ్రహం' ప్రకారం జీవాత్మ ప్రతి శరీరానికీ వేరు, అంతటా వ్యాపించినది, నిత్యమైనది. శరీరం రెండైనప్పుడు జీవాత్మలూ ఇద్దరు కావాలి. కాబట్టి తీగగా పుట్టవలసిన కర్మ ఉన్న మరొక ఆత్మకు ఆ ముక్క శరీరమైందని నైయాయికులు, అంటే న్యాయశాస్త్రాన్ని అనుసరించేవారు, చెప్పవలసి వస్తుంది. అదే నిజమైతే కత్తెర పట్టిన చేయి ఒక జన్మకు నిమిత్తమవుతుంది, కిటికీ దగ్గర సీసాలో వేలాడే ముక్క ఒక ప్రసూతి అవుతుంది. జీవుడు అణువంతవాడని చెప్పే ద్వైత, విశిష్టాద్వైతాలకు చిక్కు మరో రకమైనది. గదిలో ఒక మూలనున్న దీపం గదినంతటినీ వెలిగించినట్టు, ఒకచోట ఉన్న జీవుడు తన జ్ఞానంతో శరీరమంతటా వ్యాపిస్తాడని వారి వివరణ. తెగిపోయిన ముక్క ఆ గది దాటి వెలుపలికి వచ్చింది కాబట్టి దానికి వెలుగు మరో దీపం నుంచి రావాలి. ఒకే జీవుడు అనేక శరీరాలు ధరించడాన్ని మన సంప్రదాయం పూర్తిగా కాదనలేదు. మాంధాత కుమార్తెలు 50 మందిని పెళ్ళాడి, అందరితోనూ ఏకకాలంలో కాపురం చేసిన సౌభరి మహర్షి కథ పురాణాల్లో ఉంది. ఇలా అనేక శరీరాలు ధరించే శక్తిని కాయవ్యూహం అంటారు. యోగికి దీర్ఘతపస్సు వల్ల మాత్రమే సాధ్యమని శాస్త్రాలు ఒప్పుకున్న స్థితిని ఒక గెణుసుతీగకు ఇవ్వడానికి ఏ దర్శనకర్తా సిద్ధపడలేదు, అందుకు కారణం కూడా చెప్పలేదు.

ఈ చిక్కును నేరుగా ఎదుర్కొన్నవారు జైనులు. కోలారు ఒకప్పుడు కువలాలపురమనే పేరుతో గంగరాజుల తొలి రాజధాని. ఆ గంగవంశపు మంత్రి చాముండరాయని కాలంలో, 10వ శతాబ్దంలో, నేమిచంద్ర సిద్ధాంతచక్రవర్తి 'గోమ్మటసారం' రచించాడు. జైనమతం మొక్కలను రెండుగా విభజిస్తుంది: ఒక శరీరానికి ఒక జీవుడు ఉన్నవి ప్రత్యేక వనస్పతులు, ఒకే శరీరంలో అనంతజీవులు కలిసి ఆహారమూ శ్వాసా పంచుకునేవి సాధారణ వనస్పతులు. ఏది ఏ తరగతిదో గుర్తించడానికి ఆ గ్రంథం చెప్పిన గుర్తుల్లో ఒకటి, తెగినా మళ్ళీ మొలవడం. అందువల్ల తీగ ముక్కలో జీవుడు విభజన పొందలేదు, కొత్తవాడూ రాలేదు. మొదటి నుంచీ అక్కడ ఉన్నది ఒక సమూహం, కత్తెర ఆ సమూహాన్ని రెండు ఇళ్ళుగా చేసింది, అంతే. నిష్ఠగల జైనులు దుంపలు తినకపోవడానికి కారణం కూడా ఈ అనంతజీవుల సిద్ధాంతమే. ప్రతి కణుపూ తనంతట తాను ఒక తీగ కాగలదని పెంచేవారు రోజూ చూస్తున్న విషయానికి పాత దర్శనాల్లో ఇంత దగ్గరగా వచ్చిన సమాధానం మరొకటి లేదు. దీన్ని ఆధునిక వృక్షశాస్త్రానికి ముందుమాటగా చూపడం తొందరపాటు అవుతుంది. జైనుల ఉద్దేశం అహింస, కణాల వివరణ కాదు. అయినా తమ కళ్ళెదుట ఉన్న మొక్కను వారు శ్రద్ధగా చూశారన్నది కాదనలేనిది.

శంకరులు మొక్కలకు చైతన్యం లేదన్నవారిగా లెక్కించిన బౌద్ధుల నియమావళిని చూస్తే మరో ఆశ్చర్యం ఎదురవుతుంది. భిక్షువుల ప్రవర్తనను నిర్దేశించే వినయపిటకం మొలిచిన మొక్కను భిక్షువు నరకడాన్ని దోషంగా చెబుతుంది; ఆళవి అనే చోట భిక్షువులు చెట్లు నరికినప్పుడు జనం ఆక్షేపించారనీ, మనుషులు చెట్టులో ప్రాణం ఉందని భావిస్తారని చెప్పి బుద్ధుడు ఆ నియమం పెట్టాడనీ అక్కడి కథనం. చెట్టులో నిజంగా ప్రాణం ఉందా లేదా అన్న వాదంలోకి ఆ నియమం దిగదు. అదే సందర్భంలో మొక్కలు పుట్టే మార్గాలను ఐదుగా చెబుతూ, పసుపు అల్లం వంటి వాటికి దుంపనూ, మర్రి రావి వంటి వాటికి కాండాన్నీ, చెరకు వెదురు వంటి వాటికి కణుపునూ, కొన్నిటికి కొసనూ, ధాన్యాలకు గింజనూ బీజంగా వినయపిటకం లెక్కిస్తుంది. కణుపు నుంచి మొలిచే అలంకారపు తీగ ఈ లెక్కలో మూడవదానికి చెందుతుంది. కోసిన తరువాత కూడా మొలవగల ముక్క ఈ దృష్టిలో బీజమే, దాన్ని పాడుచేయడం కూడా తప్పే, కాకపోతే మొలిచిన మొక్కను నరకడం కన్నా చిన్నది. ఆత్మ లేదనే మతం తీగ ముక్కను ఇంత జాగ్రత్తగా చూడడం మారికుప్పం బౌద్ధుల వారసత్వాన్ని తలచుకునేవారు గుర్తుంచుకోదగిన విషయం. బంగారు గనుల నేల మీద చర్చిలు కూడా చాలానే ఉన్నాయి. యోహాను సువార్తలో క్రీస్తు తనను ద్రాక్షావల్లిగా, శిష్యులను దాని తీగెలుగా చెబుతూ, వల్లిని విడిచిన తీగె ఫలించదనీ ఎండిపోతుందనీ హెచ్చరిస్తాడు. ద్రాక్షను కూడా కొమ్మ ముక్కల నుంచే పెంచుతారు. ఆ బోధ దృష్టి ఫలం మీద ఉంది కాబట్టి జీవుల లెక్క దానికి అవసరం లేదు.

ఇక అద్వైతం మిగిలింది. చైతన్యం ఒక్కటే, శరీరాలు ఉపాధులు, అంటే ఒక్కటైనదాన్ని అనేకంగా కనబరిచే హద్దులు అని నమ్మేవారికి తీగ ముక్క సమస్యే కాదు. ఒక హద్దు రెండైంది, హద్దుల లోపల ఉన్నది మారలేదు. ఇది సులువైన సమాధానం, బహుశా సరైన సమాధానం కూడా. కాని కుండీ ముందు నిలబడి ఏ ముక్కను కోయాలో తేల్చుకోవలసిన మనిషికి అది దారి చూపదు. ఏ ముక్క కోస్తారన్నది రంగు తీగల విషయంలో చిన్న సంగతి కాదు. ఆకు మీది తెల్లని, పసుపు మచ్చల్లో పత్రహరితం, అంటే సూర్యకాంతి నుంచి ఆహారం తయారుచేసే పచ్చని పదార్థం, లోపించి ఉంటుంది. ఆ మచ్చలు పక్కనున్న పచ్చని భాగం తయారుచేసిన ఆహారంతోనే బ్రతుకుతాయి. తెలుపు ఎక్కువైన కొద్దీ తీగ ఎదుగుదల మందగిస్తుంది. తెలుపూ గులాబీ కలిసిన గెణుసుతీగ పచ్చనిదానితో సమానంగా ఎన్నడూ సాగదు. ఊదా రంగు తీగలకు ఈ బాధ తక్కువ. వాటి రంగు ఆంథోసయనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది, దాని వెనక పత్రహరితం పనిచేస్తూనే ఉంటుంది. పచ్చని ఆకులున్న కొమ్మను కోసి నాటితే తీగ బలంగా పెరుగుతుంది గాని అందం తగ్గుతుంది. పూర్తిగా తెల్లని ఆకులున్న కొమ్మను అందం కోసం కోసి నాటితే, వేరు వేసినా, తల్లితీగ ఆసరా తెగిపోయింది కాబట్టి అది కొంతకాలానికి ఆకలితో చస్తుంది.

మనిషి కోరిక ఇక్కడ జీవం దిశను నిర్ణయిస్తోంది. అడవిలో తెలుపెక్కువైన కొమ్మ తల్లితీగ మీదనే ఉండి పోషణ పొందుతుంది. ఇంట్లో దాన్ని విడదీసేది రంగు మీది మక్కువ. రంగును ఇష్టపడడం దోషం కాదు. భగవద్గీత తొమ్మిదవ అధ్యాయంలో భక్తుడు అర్పించదగిన వాటి వరుసలో ఆకే మొదట వస్తుంది, వినాయక చవితి పూజలో 21 రకాల పత్రిని ఏర్చి కూరుస్తారు. ఆకు అందం మన ఆరాధనకు పరాయిది కాదు. గనులు 2001లో మూతపడిన తరువాత రోజూ తెల్లవారుజామునే రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్ళివచ్చే కుటుంబాలున్న పట్టణంలో, గుమ్మం పక్కన డబ్బాలో ఒక ఊదా రంగు తీగను బ్రతికించుకోవడం ఇంటికి నిజమైన సంపదే. నీటి కరువుతో బోర్లు అంతకంతకూ లోతుకు దిగిన కోలారు జిల్లాలో ఆ తీగకు బియ్యం కడిగిన నీళ్ళు పోస్తే ఏ చెరువుకూ లోటు రాదు. ఎంపికలో ఎవరి ప్రాణంతో ఎవరి ఇష్టం తీరుతోందన్నది మాత్రం తెలిసి ఉండాలి.

తెలుగు ఇళ్ళలో పొద్దుగూకిన తరువాత మొక్క మీద చేయి వేయనివ్వరు, నిద్రపోతోందంటారు. తులసి దళం కోసేటప్పుడు క్షమించమని వేడుకుంటారు. మొక్కలో ఎందరు జీవులున్నారన్న లెక్క తేలకముందే ఈ ఆచారాలు ఏర్పడ్డాయి, లెక్క తేలకపోయినా నిలిచాయి. భృగువు దగ్గరా వినయపిటకంలోనూ కనిపించే వైఖరి కూడా ఇదే: తెగినది మొలుస్తుందన్న సాక్ష్యం చాలు, మొలవగలదాన్ని మొలవగలదిగా చూడాలి. పూర్తిగా తెల్లని కొమ్మను తెలిసి కోసేవారి విషయంలో అన్ని దర్శనాలూ ఒక్కచోటికి వస్తాయి. కొత్త జీవుడు వచ్చాడనేవారికి అది ఆకలి చావుకే పిలిచిన జన్మ, జైనులకు అనంతజీవుల మరణం, బౌద్ధులకు మొలిచినదాన్ని చేజేతులా నశింపజేయడం. చైతన్యం ఒక్కటేననేవారు కూడా ఆ నష్టం ఎవరిదని అడిగితే తమను వేరుగా నిలుపుకుని జవాబు చెప్పలేరు. కొంచెమైనా పచ్చదనం ఉన్న కణుపును వెతికి కోయడానికి మరో నిమిషం పడుతుంది, ఆకుల్లో తెలుపు కొంత తగ్గుతుంది, ముక్క బ్రతుకుతుంది.